అంకె పెద్దదైతే వెండేనా? మెటల్ డిటెక్టర్ రీడింగులను చదివే తీరు

ఒడిశాలోని గుణుపురం నుంచి కాశీనగరం మీదుగా వంశధార వెంబడి సాగే పల్లపు భూముల్లో నాట్ల రోజులు వచ్చాయంటే, మోకాలి లోతు బురదలో ఒక నల్లపూసల గొలుసో చెవి దుద్దో జారిపోవడం ఏటా వినే మాటే. ఒకప్పుడు మడిలో నీరు తీసేసి, బురదను గంపలకెత్తి కడిగి వెతికేవారు. ఇప్పుడు పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఎవరి దగ్గరైనా మెటల్ డిటెక్టర్ ఉంటే అరువు తెచ్చుకుంటున్నారు. గట్టు పక్కన కాయిల్, అంటే యంత్రం కింది చివరనున్న పళ్ళెం, తిప్పగానే తెర మీద 92 కనిపిస్తుంది, యంత్రం గట్టిగా మోగుతుంది, అందరూ అక్కడే తవ్వుతారు, చివరికి బయటపడేది నలిగిపోయిన సత్తు (అల్యూమినియం) గిన్నె. రెండడుగుల అవతల 14 అని సన్నగా పలికి ఆగిపోయిన చోటును మాత్రం ఎవరూ పట్టించుకోరు. గొలుసు ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నది అక్కడే. తెర మీది అంకెను వస్తువు విలువకు కొలతగా తీసుకోవడం వల్ల జరిగే పొరపాటు ఇది. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, పెద్ద అంకెను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

డిటెక్టర్‌కు వెండి తెలియదు, బంగారం తెలియదు. కాయిల్‌లోని ఒక తీగచుట్ట సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. పొలాల్లో వాడే మామూలు రకం యంత్రాల్లో ఈ పౌనఃపున్యం ఎక్కువగా 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ క్షేత్రం లోహపు వస్తువును తాకినప్పుడు అందులో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, అవి తమ వంతుగా ఒక చిన్న క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి, దాన్ని కాయిల్‌లోని రెండో తీగచుట్ట అందుకుంటుంది. పంపిన అలకూ తిరిగొచ్చిన అలకూ మధ్య ఉన్న ఆలస్యాన్ని యంత్రం కొలుస్తుంది. ఆ ఆలస్యాన్నే ఫేజ్ తేడా అంటారు. తెర మీద కనిపించే అంకె ఆ తేడాకు తయారీదారు తన లెక్కలో ఇచ్చుకున్న విలువ. సుడి ప్రవాహం వస్తువులో ఎంత ఎక్కువసేపు నిలిస్తే అంకె అంత పైకి వెళుతుంది. ఎంతసేపు నిలుస్తుందన్నది లోహపు వాహకతతో పాటు వస్తువు మందం మీద, వెడల్పు మీద, ప్రవాహం తిరగడానికి ఎక్కడా తెగని దారి ఉందా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అంటే లోహం ఏదన్నది నాలుగు కారణాల్లో ఒకటి.

ఇక్కడ కొద్దిపాటి లెక్క అవసరం, ఎందుకంటే పెద్ద అంకెల అసలు బలహీనత ఆ లెక్కలోనే ఉంది. వస్తువును ఒక తీగ వలయంగా ఊహించుకుంటే, అందులో ప్రవాహం ఎంత నెమ్మదిగా ఆరిపోతుందో ఒక కాలస్థిరాంకంతో చెప్పవచ్చు. 7 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేసే యంత్రం కింద 10 మైక్రోసెకన్ల కాలస్థిరాంకం ఉన్న వస్తువు తెచ్చే అదనపు ఫేజ్ తేడా సుమారు 24 డిగ్రీలు, 20 మైక్రోసెకన్లదైతే సుమారు 41 డిగ్రీలు. అంటే కాలస్థిరాంకం రెట్టింపు కాగానే 17 డిగ్రీలకు పైగా ఎడం వచ్చింది. అదే 200 మైక్రోసెకన్ల వస్తువు 83.5 డిగ్రీల దగ్గర, 400 మైక్రోసెకన్ల వస్తువు 86.7 డిగ్రీల దగ్గర నిలుస్తాయి. ఇక్కడ కూడా రెట్టింపే, కానీ ఎడం మూడు డిగ్రీల చిల్లరే. ఈ లెక్కలో 90 డిగ్రీలన్నది దాటడానికి వీల్లేని పైకప్పు కావడంతో (ఇది ఫేజ్ తేడా, తెర మీది అంకె కాదు) వెండి రూపాయి, రాగి చెంబు, అల్యూమినియం కుండ, మందపాటి ఇత్తడి పళ్ళెం అన్నీ ఆ పైకప్పు కింద ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. తెర మీది అంకెల కొలబద్ద కింది భాగంలో రెండంకెల తేడాకు ఎంతో కొంత అర్థం ఉంటుంది. పై భాగంలో అదే రెండంకెల తేడా కాయిల్ కొంచెం వంగినా, నేల కొంచెం తడిసినా వచ్చేస్తుంది. పెద్ద అంకె చూసినప్పుడు మనసు ఎక్కువగా పొంగుతుంది గాని, వస్తువు ఏదో చెప్పే శక్తి యంత్రానికి తక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే.

లోహాల సంగతికి వస్తే, వాహకతలో రాగిని 100గా తీసుకుంటే స్వచ్ఛమైన వెండి సుమారు 105, బంగారం 70 చుట్టుపక్కల, అల్యూమినియం 60 చుట్టుపక్కల, ఇత్తడి ముప్పైకి లోపు, సీసం 8 దగ్గర ఉంటాయి. ఈ వరుసలో అల్యూమినియం బంగారానికి ఎంత దగ్గరగా ఉందో గమనించాలి. అల్యూమినియం పాత్రలు బంగారు నగల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, మందమైనవి కనుక అవి బంగారాన్ని దాటి నేరుగా వెండి చోటుకు చేరిపోతాయి. మన ఇళ్ళలో అల్యూమినియం గిన్నెలను ‘సిల్వర్ గిన్నెలు’ అనే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. తెర మీద ‘సిల్వర్’ అన్న గడి వెలిగినప్పుడు చాలాసార్లు దొరికేది ఆ అర్థంలోని సిల్వరే. దీనికి తోడు 1960ల నుంచి మన ప్రభుత్వం ఒక పైసా, రెండు, మూడు, ఐదు, పది, ఇరవై పైసల నాణేలను అల్యూమినియంతో ముద్రించింది. సంత జరిగిన చోట్ల, పాత బస్సులు ఆగిన చెట్ల కింద అవి ఇప్పటికీ దొరుకుతుంటాయి.

లోహం మారితే అంకె ఎలా మారుతుందో చూడటానికి ఆరో జార్జి రాజు రూపాయిల కంటే మంచి ఉదాహరణ లేదు. 1939 వరకు రూపాయిలో వెండి 91.7 శాతం ఉండేది. యుద్ధకాలపు వెండి కొరత వల్ల 1940 నుంచి దాన్ని 50 శాతానికి తగ్గించి, మిగతా సగాన్ని రాగి, నికెల్, జింకులతో నింపారు. 1947లో వెండి పూర్తిగా పోయి, పులి బొమ్మతో నికెల్ రూపాయి వచ్చింది. మూడింటి మీదా అదే రాజు తల, కొలతలు కూడా దాదాపు ఒకటే. పక్కపక్కన పెట్టి కాయిల్ ఆడిస్తే మొదటిది కొలబద్ద పై అంచున స్థిరంగా నిలుస్తుంది. రెండోది అంతకంటే స్పష్టంగా కిందికి దిగుతుంది, ఎందుకంటే లోహాలు కలిసినప్పుడు మిశ్రమం వాహకత ఆ లోహాల సగటు కంటే బాగా పడిపోతుంది. మూడోది అయస్కాంతానికి అంటుకునే లోహం కాబట్టి అంకె కుదురుగా ఉండక ఇనుము వైపు ఊగిసలాడుతుంది. 1988 తర్వాత వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు పావలాలు, అర్ధరూపాయిలు కూడా అయస్కాంతానికి అంటుకునేవే, వాటి తీరూ నికెల్ రూపాయి తీరే. కాబట్టి పాత కాలపు వెండి నాణేన్ని గుర్తుపట్టడంలో అంకె ఎంత పెద్దదన్నదాని కంటే, నాలుగు వైపుల నుంచీ అది ఎంత నిలకడగా వస్తోందన్నది మెరుగైన సాక్ష్యం.

ఆకారం చేసే మార్పు ఇంకా పెద్దది, ఇళ్ళలో నగలు పోగొట్టుకున్నవారికి నేరుగా సంబంధించింది కూడా. గట్టి వెండి కడియం పెద్ద అంకె చూపుతుంది. అదే బరువున్న వెండి పట్టీలు, అంటే చిన్నచిన్న కొక్కేలు అల్లిన గొలుసు పట్టీలు, చాలా తక్కువ అంకె చూపుతాయి. సుడి ప్రవాహం కడియం చుట్టూ ఒకే పెద్ద వలయంగా తిరగగలదు. గొలుసులో ఒక కొక్కేనికీ మరో కొక్కేనికీ మధ్య తాకిడి పొడిపొడిగా ఉండటం వల్ల ప్రవాహం ఏ కొక్కెంలో పుడితే ఆ కొక్కెంలోనే చిన్న సుడిగా తిరిగి ఆరిపోతుంది. యంత్రానికి అక్కడ గొలుసు కనిపించదు, కందిగింజంత కొక్కేల గుంపు కనిపిస్తుంది. అతుకు ఊడిన ఉంగరం, కోసిన గాజు కూడా ఇలాగే ఒక్కసారిగా కిందికి జారిపోతాయి. చేతిలో ఒక ఉంగరం, మరో విరిగిన ఉంగరం ఉన్నవారు కాయిల్ ముందు ఆడించి చూస్తే ఈ తేడా నిమిషంలో అర్థమవుతుంది.

బంగారు నగలు పెద్ద అంకె చూపకపోవడానికి కారణం ఇదే. 22 క్యారెట్ల బంగారంలో కలిసే రాగి, వెండి వాహకతను తగ్గిస్తాయి, 18 క్యారెట్లైతే ఇంకా తగ్గుతుంది. దాని మీద నగ సన్నంగా, చిన్నదిగా ఉంటుంది. ముక్కుపుడక సిగరెట్ పెట్టెలోని తళుకు కాగితం పలికే చోట పలుకుతుంది, సన్నటి గొలుసు అసలు పలకకపోవచ్చు, ఉంగరాలు మధ్య అంకెల్లో ఎక్కడైనా ఉండవచ్చు. డబ్బా మూతను పట్టి లాగడానికి ఉండే అల్యూమినియం చెవి, తళుకు కాగితం, బంగారు ఉంగరం ఒకే అంకెల మధ్య తిరుగుతాయి కనుక, చెత్తను తప్పించుకోవాలని కింది అంకెలను మ్యూట్ చేసినవారు బంగారాన్ని కూడా మ్యూట్ చేసినట్టే.

ఇప్పుడు పెద్ద అంకెల్లో దాక్కునే అసలు దొంగ, ఇనుము. సాధారణంగా ఇనుము కొలబద్ద అడుగున ఉండాలి. అది అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి లాక్కునే తీరుకు వచ్చే ఫేజ్, సుడి ప్రవాహాల ఫేజ్‌కు ఎదురు దిక్కున ఉంటుంది. మేకు, సన్నటి చువ్వ వంటివి అక్కడే ఉంటాయి. కానీ బల్లపరుపుగా, వెడల్పుగా, లేదా వలయంగా ఉన్న ఇనుములో సుడి ప్రవాహాలు కూడా బలంగా పుడతాయి. రెండు ప్రభావాలూ కలిసి ఫేజ్‌ను అడుగు నుంచి తిప్పి కొలబద్ద పై కొనకు చేరుస్తాయి. గడియారంలో పన్నెండు దాటిన ముల్లు ఒంటిగంట చూపినట్టే, కొలబద్ద రెండు కొనలూ నిజానికి పక్కపక్కనే ఉన్నాయి. బండి చక్రం నుంచి ఊడిన ఇనుప పట్టా, ఊడిపోయిన గొడ్డలి తల, ఎడ్ల లాడం, నాగటి కర్రు, రేకు డబ్బా మూత, గుండ్రటి వాషరు, ఇవన్నీ 90 దాటిన అంకెలు చూపించగలవు. సోడా సీసాల ఇనుప మూత నాణెంలాగా పలకడం అందరికీ అనుభవమే.

ఈ ప్రాంతానికి ఇందులో ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన రెండున్నర అడుగుల న్యారో గేజ్ రైలు మార్గం 1931లో గుణుపురం దాకా సాగింది. 2011కు అది పూర్తిగా బ్రాడ్ గేజ్‌గా మారింది. ఒక శతాబ్దం పాటు రైలు నడిచిన దారి పక్క పొలాల్లోకి ఊడిన బోల్టులు, మేకులు, వాషర్లు, పట్టా ముక్కలు చేరకుండా ఉండవు. లైనుకు దగ్గరి చేలల్లో నిలకడ లేని 95, 97 వంటి అంకెలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది తుప్పు పట్టిన రైల్వే ఇనుమునే. లైను గట్టు రైల్వే స్థలం కనుక, అక్కడ యంత్రం పట్టుకుని తిరగడం ఎలాగూ తగదు.

ఇనుము వేషాన్ని పట్టుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయి, వాటిలో మేలైనది పక్కకు తిరిగి చూడటం. ఒక దిశలో కాయిల్ ఆడించి పెద్ద అంకె వచ్చాక, మనిషి ఆ చోటు చుట్టూ పావు చుట్టు నడిచి, మొదటి దిశకు అడ్డంగా మళ్ళీ ఆడించాలి. పడుకుని ఉన్న నాణెం ఎటు నుంచి చూసినా గుండ్రమే, అంకె మారదు. వంగిన మేకు ఒక దిశలో 90 చూపి, రెండో దిశలో ఇనుప గరగరగా మారిపోతుంది. రెండో ఆధారం, వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ బటన్ నొక్కినప్పుడు శబ్దం ఎక్కడ బలంగా ఉందన్నది. మామూలుగా మోగిన చోటుకూ పిన్‌పాయింట్ చూపిన చోటుకూ బెత్తెడు ఎడం ఉంటే చాలావరకు అది ఇనుమే, ఎందుకంటే మేకు మధ్యలో ఇనుముగా, కొనల దగ్గర మంచి లోహంగా పలుకుతుంది. మూడోది కాయిల్‌ను నేల నుంచి పైకి ఎత్తుతూ పోవడం. కాయిల్ వెడల్పును మించిన దూరాల్లో సిగ్నల్ సుమారు ఆరో ఘాతంలో పడిపోతుంది, అంటే దూరం రెట్టింపైతే అరవై నాలుగో వంతే మిగులుతుంది. నాణేనిదైతే మూరెడు ఎత్తుకు శబ్దం చచ్చిపోతుంది. మోకాలి ఎత్తులోనూ అదే ధాటితో మోగుతుంటే కింద ఉన్నది పెద్ద వస్తువు, గిన్నె గాని, రేకు గాని, పట్టా గాని. అన్నిటికీ పైన, డిస్క్రిమినేషన్‌ను, అంటే కొన్ని లోహాలను వినిపించకుండా ఆపే అమరికను, పూర్తిగా తీసేసి, ఏ లోహమైనా వినిపించే ఆల్ మెటల్ మోడ్‌లో ఒకసారి వినాలి. ఇనుమును మూసేసి వింటే పెద్ద అంకె శుభ్రంగా వినిపిస్తుంది, తెరిచి వింటే దాని అంచుల్లో ఇనుప శబ్దం బయటపడుతుంది. ఇవన్నీ చేసినా ఒక్కోసారి ఇనుము మోసం చేస్తుంది, తవ్వి చూడటం తప్ప వేరే దారి ఉండదు.

నేల సంగతి కూడా విడిచిపెట్టకూడదు. రాయగడ, కోరాపుట్ కొండల మీది ఎర్రమట్టిలో ఇనుప ఆక్సైడ్లు పుష్కలం. వాటిలో అయస్కాంత గుణమున్న రకాలు కాయిల్‌కు ఎడతెగకుండా జవాబిస్తూ ఉంటాయి. పంచపత్మలి వంటి బాక్సైట్ కొండలున్న చోట అల్యూమినియం ఖనిజమే మోగుతోందని కొందరు అనుకుంటారు. బాక్సైట్‌లో అల్యూమినియం ఆక్సైడ్ రూపంలో ఉంటుంది, దానికి విద్యుత్ వాహకత లేదు, దానితో కలిసి ఉన్న ఇనుప ఖనిజాల వల్లే గోల. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే ఖోండలైట్ రాయిలో గ్రాఫైట్ ఉంటుంది. గ్రాఫైట్‌లో విద్యుత్ పారుతుంది కనుక అది ఎక్కువగా ఉన్న రాయి లోహంలా పలికి మోసం చేయగలదు. అందుకే చోటు మారినప్పుడల్లా గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల ఇచ్చే జవాబును యంత్రం పట్టించుకోకుండా సరిచేసే పని, మళ్ళీ చేసుకోవాలి. జానెడు లోతు దాటిన నాణెం నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను ఎర్రమట్టి తన వైపు లాగేస్తుంది, అలాంటప్పుడు మంచి వెండి నాణెం కూడా ఒక ఊపులో 88, తర్వాతి ఊపులో ఇనుము అని పలకవచ్చు. మీదనే ఉన్న వస్తువు అంకె ఇలా ఊగితే ఇనుమని అనుమానించాలి. లోతున ఉన్నది ఊగితే మాత్రం ఆ నేలలో తవ్వి చూడటమే న్యాయం.

ఒకరి యంత్రం అంకెను మరొకరి యంత్రం అంకెతో పోల్చడం వల్ల కూడా గందరగోళం పుడుతోంది. గ్యారెట్ ఏస్ వరుసలో కొలబద్ద 0 నుంచి 99 వరకు, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800లో మైనస్ 9 నుంచి 40 వరకు, పాత వైట్స్ యంత్రాల్లో మైనస్ 95 నుంచి 95 వరకు ఉండేవి. 38 అన్న అంకె ఒకదానిలో తళుకు కాగితం దరిదాపు, ఇంకోదానిలో వెండి రూపాయి చోటు. పౌనఃపున్యం పెంచితే ఒకే వస్తువు ఫేజ్ పైకి జరుగుతుంది కనుక, ఆ జరుగుబాటును సరిచేయని యంత్రాల్లో అంకె కూడా మారుతుంది. ఎవరి యంత్రానికి వారు, తెలిసిన వస్తువులతో, తమ నేలలోనే ఒక పట్టిక రాసుకోవడం తప్పనిసరి.

పెద్ద అంకెను నమ్మించి డబ్బు గుంజేవారి గురించి చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. తెర మీద 99 చూపించి, కింద లంకెబిందెలున్నాయని, పూజకూ తవ్వకానికీ ఇంత ఖర్చవుతుందని ఒప్పించే మాటలకు రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాలు బలవుతుండటం బాధ కలిగించే విషయం. బిందె నిండా బంగారమే ఉన్నా యంత్రానికి ముందు తగిలేది బిందె లోహం, లోపల ఏముందో అది చెప్పలేదు. మామూలు కాయిల్‌తో నాణెమంత వస్తువు అడుగు లోతు దాటితే దొరకడం కష్టం, పెద్ద బిందెకైనా మీటరు దరిదాపే హద్దు. కిలోమీటరు అవతలి బంగారాన్ని చూపిస్తాయనే ఊచల పరికరాలకు భౌతికశాస్త్రంలో ఆధారం లేదు. అలాంటి ఊచనే ఏడీఈ 651 పేరుతో బాంబు డిటెక్టరుగా ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ న్యాయస్థానం పదేళ్ళ జైలుశిక్ష వేసింది. నిజంగానే నేలలో నిధి దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏదైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. రక్షిత కట్టడాల స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం.

ఇక మడిలో పోయిన గొలుసు. నీరు తీసేశాక, మనిషి నాటు వేసిన వరుసలను బట్టి తాళ్ళు కట్టి స్థలాన్ని చిన్న గళ్ళుగా విడదీయాలి. తర్వాత తోటికోడలి దగ్గరో చెల్లెలి దగ్గరో అలాంటి గొలుసే ఉంటే దాన్ని పాలిథిన్ సంచిలో వేసి, దారం కట్టి, అదే బురదలో వేలెడు లోతున పెట్టి కాయిల్ ఆడించాలి. చాచి పెట్టినప్పుడు ఎంత పలుకుతోందో, ముద్దగా పెట్టినప్పుడు ఎంత పలుకుతోందో రెండూ రాసుకోవాలి. రెండు అంకెలూ ఒకటిగా ఉండవు, ముద్దగా ఉన్న గొలుసు కొంచెం పైన పలుకుతుంది. డిస్క్రిమినేషన్ తీసేసి, కాయిల్‌ను బురదకు ఆనేంత దగ్గరగా పట్టి, ఒక ఊపు మీద మరో ఊపు సగం పడేలా నెమ్మదిగా నడవాలి. 90ల్లో మోగిన చోట్లకు ఒక పుల్ల గుచ్చి వదిలేసి, సన్నగా పలికిన ప్రతి చోటా ఆగాలి. అక్కడ పార దించకుండా, చేత్తో బురద తీసి జల్లెడలో కడగాలి. పుస్తెలు గాని, గట్టి లాకెట్ గాని లేని సన్నటి గొలుసైతే ముందుగా పలికేది సాధారణంగా దాని చివరన తగిలించుకునే కొక్కెమే.